సున్నం వేసే వరుస

ఈ ఏడు మాకు ఉగాది లేదు. మాఘమాసంలో మా మరిది రఘుపతి పోయాడు. ఇంటి మనిషి పోతే ఏడాది దాకా పండుగ చేసుకోకూడదని మావైపు పట్టింపు. మా కోడలు అన్నిటిలోనూ ఈ కాలపు పిల్లే కానీ ఈ ఒక్క సంగతిలో నన్ను మించింది. గడపకు పసుపు రాయదు, వాకిట్లో ముగ్గు వేయదు. మొన్న నేను చీపురును కర్రకు కట్టి బూజు దులపబోతే, "మళ్లొచ్చే ఏడు దులుపుకుందాం తియ్యుండ్రి అత్తమ్మా, ఇప్పుడేం తొందర" అని చేతిలోంచి తీసుకుంది. దులపడానికి ఈ ఇంట్లో బూజు మాత్రం ఎంతుందని? గోడలకు నున్నటి రంగులు, నేలకు మెరిసే బండలు, తడిగుడ్డ పెడితే సరిపోతుంది. అయినా ఫాల్గుణం చివరికి వచ్చేసరికి నా చేతులు ఊరుకోవు. డెబ్బై దాటిన ఒళ్లు కూడా ఏదో ఒకటి బయటవేయాలని, ఏదో ఒకటి ఎండబెట్టాలని చూస్తుంది. పని లేక కూర్చుంటే మనసు పాత ఇంటికి పోతుంది. రఘు పోయిన తర్వాత అది మరీ ఎక్కువైంది.

పాత ఇల్లు జనగామలో స్టేషనుకు అవతల, ఇప్పుడు మా అబ్బాయి పత్తి గోదాం ఉన్న జాగాలోనే ఉండేది. గూనపెంకుల ఇల్లు. ముందు పెద్ద దర్వాజ, దానికి రెండు పక్కలా అరుగులు, లోపల నాలుగు దిక్కులా అర్రలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. గదిని మేం అర్ర అంటాం. వెనక పెరట్లో చేదబావి, చిక్కుడు పందిరి, గడ్డివాము. వెనక వరుసలో చివరిది వడ్ల అర్ర. దానికి రెండు తలుపులు. ఒకటి ఇంట్లోకి, ఇంకొకటి వెనక సందులోకి. కోతల కాలంలో బండ్లు సందులో ఆగి ఆ తలుపు నుంచే వడ్లు దించేవి. మిగతా కాలమంతా దానికి లోపలి నుంచి అడ్డగడియ వేసి ఉండేది. ఆ సందులోకి మేకలు తప్ప మనుషులు పెద్దగా పోయేవాళ్లు కాదు.

ఉగాది ముందర ఆ ఇంటిని బాగుచేయడానికి మా అత్తమ్మ లచ్చమ్మ ఒక వరుస పెట్టుకుంది. ముందు పెరడు. ఎండిన చిక్కుడు తీగ లాగేసి, విత్తనపు కాయలు ఒలిచి, గింజలను బూడిదలో కలిపి కుండలో పోసేవాళ్లం. పెంటకుప్ప బండికెత్తి చేనుకు తోలించేవాళ్లం. మంచాలన్నీ ఎండలో వాల్చి, నులక సందుల్లో దాగిన నల్లుల మీద మరిగే నీళ్లు పోసేవాళ్లం. ఆ తర్వాత అర్రలు, ముందు వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా. ఒక అర్రలో సామాను మొత్తం ఇంకో అర్రలో కుప్పవేయాలి. ఖాళీ అయిన దానికి సున్నం వేయాలి, ఆరాక పేడతో అలకాలి, గోడ అడుగున ఎర్రమన్ను పట్టె దిద్దాలి, అప్పుడు సామాను సర్ది తర్వాతి అర్ర పట్టుకోవాలి. పెరట్లో గుంట తవ్వి సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోస్తే, పాము బుసకొట్టినట్టు చప్పుడు చేస్తూ నీళ్లు తుకతుక ఉడికేవి. తెల్లటి ఆవిరి లేచేది. ముక్కులో సూది గుచ్చినట్టుండే ఆ వాసన నాకు ఇష్టం. చల్లారిన సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి, చివరలు దంచిన ఈతమట్టతో వేసేవాళ్లం. ఎక్కడైనా ఒక అర్ర ముందు వెనకలైతే అత్తమ్మ ఒప్పుకునేది కాదు. "వరుస తప్పితే పని తెగది" అనేది.

నేను చెప్పేది అరవై తొమ్మిది ఉగాది సంగతి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. మా పుట్టిల్లు చిట్యాల పక్కన ఒక పల్లె. మా ఆయన మహబూబాబాదులో సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఆ ఊరిని మేం మానుకోట అనే అంటాం. శనివారం రైలుకు వచ్చి సోమవారం రైలుకు పోయేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, అత్తమ్మ, మామ. పగటి పనికి ఎల్లమ్మ వచ్చేది. అత్తమ్మకు అనుమానం ఎక్కువ. పాలు వస్తే గడ్డిపోచ ముంచి, చుక్క ఎట్లా జారుతుందో చూసేది. నెయ్యి గిన్నెకు లోపలి పక్క గోటితో గీత పెట్టేది. ఎల్లమ్మ సాయంత్రం ఇంటికి పోతుంటే ఏదో మాట కలిపి, కొంగు దులిపేదాకా కదలనిచ్చేది కాదు. నేను పరాయి ఇంటి పిల్లను. పైగా మా అన్న లింగారెడ్డి వరంగల్లులో పోలీసు జమేదారు. పెండ్లినాడు అది గొప్పగానే చెప్పుకున్నారు. కాలం మారేసరికి అదే నా మెడకు చుట్టుకుంది.

ఆ ఏడు చలికాలం నుంచే జనగామ మారిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని కాలేజీ పిల్లలు చదువులు మాని రోడ్ల మీదికి వచ్చారు. రైలు పట్టాల మీద కూర్చున్నారు. తెల్లగా కనిపించిన ప్రతి గోడ మీద బొగ్గుతో 'జై తెలంగాణ' అని రాసేవాళ్లు. ఎవరి గోడ మీద రాత ఉంటే పోలీసులు వాళ్ల దర్వాజ కొట్టేవాళ్లు. అందుకని ఆ ఏడు బయటి గోడకు సున్నం వేయాలా వద్దా అని అత్తమ్మ చాలా ఆలోచించింది. "మనం తెల్లగ చేసుడే ఆలస్యం, పలక దొరికిందని వస్తరు" అంది. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడినా మూడో మనిషి ఆగి చూసేవాడు. గాజులమ్మే ముసలాయన రెండు వీధులు ఎక్కువ తిరిగితే ఆయన సీఐడీ అన్నారు. బియ్యం అప్పుకు వచ్చిన పక్కింటామె లోపలికి తొంగిచూస్తే అత్తమ్మ చేటను అడ్డం పెట్టింది.

ఆమె అట్లా చేయడానికి కారణముంది. రఘు ఇంట్లోనే దాగి ఉన్నాడు. వరంగల్లులో చదివేవాడు. నాకంటే ఏడాదో రెండేండ్లో పెద్దవాడైనా వరసకు మరిది. నవ్వు ముఖం, గట్టి గొంతు. స్టేషను దగ్గర గొడవలో ముందు నిలబడ్డాడని పోలీసులు వెతుకుతుంటే, ఒక తెల్లవారుజామున వెనక గోడ దూకి వచ్చాడు. మామ ఊళ్లో పెద్దమనిషి. అప్పటి మంత్రులకు, ఎమ్మెల్యేలకు అన్నం పెట్టిన ఇల్లు. కొడుకేమో వాళ్ల మీదనే నినాదాలు ఇస్తున్నాడు. మామ కొడుకును కోప్పడలేదు, దగ్గరికీ తీయలేదు. కర్ర పట్టుకొని అరుగు మీద కూర్చొని, దారిన పోయేవాళ్లను చూస్తూ ఉండేవాడు. ఆయన మనసులో ఏముందో అత్తమ్మకు కూడా తెలిసేది కాదనుకుంటాను.

సున్నాల పని ఆపితే ఊరికి అనుమానం వస్తుంది. లచ్చమ్మ ఇల్లు ఉగాదికి తెల్లబడకపోవడమా! ఆపకపోతే అర్రలన్నీ బయటపడతాయి. అత్తమ్మ ఉపాయం ఆలోచించింది. ఏ అర్రలో సామాను కుప్పవేస్తే ఆ కుప్ప వెనక రఘు ఉండేవాడు. పరుపుల చుట్టలు, ఇత్తడి కాగులు, పాత పెట్టెల వెనక చాప వేసుకొని పగలంతా పడుకునేవాడు. ఎల్లమ్మ వెళ్లాక, పొద్దుగూకే వేళకు సామానుతోపాటు అతన్ని తర్వాతి అర్రకు మార్చేవాళ్లం. ఎల్లమ్మ తోమేటప్పుడు ఒక కంచం ఎక్కువ కనబడుతుందని అతనికి మోదుగాకు విస్తరిలో పెట్టి, తిన్నాక ఆ ఆకును పొయ్యిలో వేసేది అత్తమ్మ. దగ్గు వస్తే నోట్లో గుడ్డ కుక్కుకునేవాడు. కొత్త సున్నం ఘాటుకు తరచుగా వచ్చేది కూడా. అప్పుడు నేను అవతల ఏదో గిన్నె కింద పడేసేదాన్ని. అత్తమ్మ గట్టిగా "కండ్లు నెత్తికెక్కినయా" అని తిట్టేది. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోకుండానే కుదుర్చుకున్న పద్ధతి అది. అత్తమ్మకూ నాకూ మధ్య మొదటి నమ్మకం అదేనేమో.

ముందు అర్రలన్నీ అయిపోయి వెనక వరుసకు వచ్చిన రోజు మధ్యాహ్నం మా అన్న వచ్చాడు. డ్రెస్సులో లేడు. ధోవతి, తెల్లంగి. మా అమ్మ పంపిన కొత్త చింతపండు, బెల్లం మూట తెచ్చాడు. ఉగాదికి ఆడపిల్ల ఇంటికి పంపేవే అవి. అత్తమ్మ పీట వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, మాట మాత్రం లేదు. అన్న నీళ్లు తాగి, సగం తెల్లగా సగం మాసి ఉన్న ఇంటిని చూసి మర్యాదకు అడిగాడు.

"ఇంకా ఎన్ని అర్రలున్నయత్తా, సున్నమెయ్యాల్సినయి?"

అత్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. "ఎందుకయ్యా, నువ్వేస్తవా?" అంది.

అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. అన్న భోంచేసి, మామతో కొంతసేపు కూర్చొని సాయంత్రం లేచాడు. నేను దర్వాజ దాకా సాగనంపాను. అక్కడ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "చెల్లె, ఈ నాలుగొద్దులు ఆ పిలగాని ముచ్చట నీ నోటెంట రావద్దు. ఎవ్వలడిగినా నాకెర్కలేదను. అమ్మ తోడు."

"నీకెట్ల ఎర్కన్నా?" అని అడిగాను. రుమాలు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగితే అత్తమ్మ వాకిట్లో నిలబడి ఉంది. మా మాటలు వినపడి ఉండవు, గుసగుసలాడటం మాత్రం చూసింది.

ఆ పొద్దుగూకే వేళ రఘును ఎక్కడికి మార్చాలన్న మాట వచ్చింది. మామ ఎప్పుడూ ఈ సంగతిలో కల్పించుకునేవాడు కాదు. ఆ రోజు తనంతట తనే అన్నాడు. "వడ్ల అర్రల ఉండనియ్యుండ్రి. దానికి రెండు తొవ్వలున్నయి. ఏమన్నైతె సందులకెల్లి ఉరుకుతడు." మంచి ఆలోచన అనుకున్నాం. వడ్లు పోసే పెద్ద వెదురు గుమ్మి వెనక చాప వేశాం. రఘు అడ్డగడియ మీద చేయి వేసి చూసి, "గిది మంచిగున్నది వదినా, గాలన్న వస్తది" అన్నాడు. మామ నీలిమందు తెస్తానని బజారుకు పోయాడు.

తెల్లవారి ఇంకా వాకిలి ఊడవలేదు. దర్వాజ చప్పుడైంది. పోలీసులు. ముందున్న అమీన్, అంటే ఎస్సై, తూర్పు మనిషి, కోస్తా మాట. ఇల్లంతా వెతకలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. "ధాన్యం గది ఎటు?" అన్నాడు, అంతే. నలుగురు వాకిలి దాటి నేరుగా అటు నడిచారు. లోపల అడ్డగడియ తీసిన చప్పుడు, తలుపు మీద భుజంతో గుద్దిన చప్పుడు వినిపించాయి. "తలుపొస్తలేదు, అవ్వా, తలుపొస్తలేదు!" అని రఘు తల్లిని పిలుస్తూ అరిచాడు. తర్వాత పెనుగులాట. వాళ్లు అతన్ని బయటికి తెచ్చినప్పుడు జుట్టు నిండా వడ్ల పొట్టు. అత్తమ్మ అడ్డం పడితే ఒక జవాను పక్కకు నెట్టాడు. మామ అరుగు మీదినుంచి లేచి, "కొట్టకుండ్రి, నడుచుకుంట వస్తడు" అన్నాడు. దర్వాజ దాటేముందు రఘు ఆగి నన్ను చూశాడు. "మీ అన్నకు చెప్పు వదినా, మంచిగనే కొలువు చేసిండని" అన్నాడు.

మామ ఆ రోజే బట్టలు, దుప్పటి మూట కట్టుకొని వకీలును పట్టుకుంటానని వరంగల్లు పోయాడు. పండుగ దగ్గరికి వచ్చేదాకా తిరిగి రాలేదు.

వడ్ల అర్ర సంగతి తెలిసినవాళ్లం ఇంట్లో ముగ్గురం. అందులో ఇద్దరు కన్నవాళ్లు. మిగిలింది నేను. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పని ఆపలేం, సగం ఇల్లు వాకిట్లో పడి ఉంది. ఇద్దరం చెరొక ఈతమట్ట పట్టుకొని ఒకే అర్రలో ఎదురెదురు గోడలకు సున్నం వేసేవాళ్లం. ఆమెకు ఏదైనా కావాలంటే నాకు వినపడేటట్టు ఎల్లమ్మతో చెప్పేది. "సున్నం పలుసనైంది, చిక్కగ కలుపుమను." నేను పక్కనే ఉండేదాన్ని. నేను వండింది తినడం మానేసింది. తన కోసం ఒక చిన్న గిన్నెలో జొన్న గట్క వండుకొని, కొంత ఎల్లమ్మకు పెట్టి, మిగిలింది తినేది. మా అమ్మ పంపిన చింతపండు మూట విప్పకుండా పెంట మీద పారేసింది. బావి దగ్గరికి పోతే ఇరుగు పొరుగువాళ్లు బొక్కెన వదిలి పక్కకు జరిగేవాళ్లు. శనివారం మా ఆయన వచ్చాడు. అందరూ పడుకునే ఏర్పాట్లలో ఉన్నప్పుడు మెల్లగా అడిగాడు. "నిన్నేమంటలేను. ఊకనే అడుగుతున్న. నోరు జారి మీ అన్నతోని ఏమన్న అన్నవా?" అత్తమ్మ మౌనం కంటే ఆ మెత్తటి మాట నన్ను ఎక్కువ కోసింది.

ఆ రోజుల్లో నేను కూడా అందరినీ అనుమానించాను. ఎల్లమ్మ పొయ్యిలో విస్తరాకు ఈనెలు చూసిందేమో అనుకున్నాను. అన్నకు ఎట్లా తెలిసిందని తలబద్దలు కొట్టుకున్నాను. కలలో నేనే ఏమైనా కలవరించానా అని కూడా అనుకున్నాను. నింద మీద పడితే మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుందని అప్పుడే తెలిసింది.

చివరికి వడ్ల అర్ర వంతు వచ్చింది. అత్తమ్మ దాన్ని చివరిదాకా ఆపింది. రఘు చాప ఇంకా అక్కడే ఉంది. గుమ్మి జరిపి ఊడవడం మొదలుపెడితే పొట్టు దుమ్ము లేచి ఊపిరాడలేదు. "ఆ తలుపు తియ్యరాదే ఎల్లమ్మా, దుమ్ము పోతది" అంది అత్తమ్మ. అడ్డగడియ రఘు తీసినట్టే పక్కన పడి ఉంది. ఎల్లమ్మ తలుపు లాగింది, నెట్టింది. రాలేదు. ఆనాడు అవతలి నుంచి పోలీసులు ఒత్తిపట్టారనే మేమందరం అనుకున్నాం. ఇప్పుడు అవతల ఎవరూ లేరు.

ఎల్లమ్మ ఇల్లు చుట్టి సందులోకి పోయింది. కొంతసేపటికి తలుపు అవతలి నుంచి ఆమె గొంతు వచ్చింది.

"పటేలమ్మా, బయిటికెల్లి తాళమేసున్నదే!"

"ఏం తాళం?"

"పెద్దది. ఇత్తడిది. పటేలు చేనుకాడి కొట్టానికేసేదే."

ఆ తాళం మా ఇద్దరికీ తెలుసు. దాని చాబి మామ మొలతాడుకు ఉండేది. స్నానానికి కూడా తీసేవాడు కాదు. అత్తమ్మ ఆ తలుపు వంక చూస్తూ నిలబడిపోయింది. ఆమె చేతిలోని ఈతమట్ట నుంచి సున్నం చుక్కలు పాదం మీద పడుతున్నా కదల్లేదు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను కానీ రాలేదు. ఆమె ముఖం చూస్తే భయమేసింది. కాసేపటికి మట్టను బకెట్లో ముంచి, నా వైపు తిరిగి, ఎన్నో రోజుల తర్వాత నేరుగా నాతో మాట్లాడింది. "నువ్వు ఈ గోడ ఎయ్యి బిడ్డా. నేను ఆ గోడ ఏస్త. పండుగ ఆగది గద."

పండుగ ముందరి రోజు మామ తిరిగి వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. నేను చల్ల గిన్నె పట్టుకొని నిలబడ్డాను. అత్తమ్మ అన్నం వడ్డించి, విసనకర్ర తీసుకోకుండా ఎదురుగా కూర్చుంది.

"సందు తలుపుకు తాళం ఎవలేసిండ్రు?"

మామ ముద్ద కలుపుతూ ఆగాడు. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"నేనే ఏసిన. అమీన్ సాబుకు చెప్పింది సుత నేనే."

"కన్నకొడుకును..."

"కన్నకొడుకు గనుకనే. పొరగాండ్లను రోడ్ల మీద కాలుస్తున్నరు, నీకెర్కనా? వీడు ఎన్నొద్దులు గుమ్మి ఎనుక పంటడు? పండుగెల్లంగనే మళ్ల పట్టాల మీదికి పోతడు. ముందట నిలబడుడు వానికలవాటు. జైల్ల ఉంటే పానంతోని ఉంటడు. బువ్వ పెడ్తరు. ఎన్నటికన్న ఇంటికొస్తడు."

"మరి గీ పిల్లను ఊరంత ఉమ్మేస్తుంటె నోరెందుకు మూసుకున్నవయ్యా?"

మామ నా వైపు చూడలేదు. కంచంలోకి చూస్తూ చెప్పాడు. "పరాయి పిల్ల మీద పడ్డ నింద కొన్నొద్దులకు పాతబడ్తది. నా మీద పడితె నా కొడుకు నాకు దక్కడు."

అత్తమ్మ లేచింది. నా చేతిలోంచి చల్ల గిన్నె తీసుకొని కింద పెట్టింది. ఇంకొక కంచం తెచ్చి, మామ కంచానికి ఎదురుగా వేసి, "కూసో, తిను" అంది. మామ తింటుండగా కోడలు ఎదురుగా కూర్చొని తినడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. నేను జంకితే భుజం పట్టి కూర్చోబెట్టింది. నేను మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. మామ సగంలోనే చేయి కడుక్కున్నాడు. ఉగాదినాడు భక్షాలు చేయలేదు. వేపపువ్వు పచ్చడి మాత్రం కలిపి తలా ఒక గ్లాసు తాగాం. ఇల్లు తెల్లగా, మామిడాకులతో, ఎర్రమన్ను పట్టెలతో పెండ్లి ఇల్లులా మెరుస్తోంది. లోపల మాత్రం ఎవరి మూల వాళ్లది.

ఆ ఎండాకాలం మామ భయపడినంతా జరిగింది. కాల్పుల్లో రఘు జతగాడొకడు పోయాడు. వాళ్లిద్దరూ ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లు. ఆ వార్త తెలిసిన రోజు మామ అరుగు మీద కూర్చొని గట్టిగా ఏడ్చాడు. చూశారా, నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు.

వానలు పడ్డాక రఘు విడుదలయ్యాడు. స్టేషను నుంచి పిల్లలు భుజాల మీద మోసుకొచ్చారు. మెడనిండా బంతిపూల దండలు. సన్నబడ్డాడు, గడ్డం పెరిగింది. నేను చెంబుతో నీళ్లు తీసుకొని ఎదురు పోయాను. అతను ముఖం పక్కకు తిప్పుకొని, "ఆ చేతి నీళ్లు నాకొద్దు" అన్నాడు. నినాదాలు ఆగిపోయాయి. అత్తమ్మ దర్వాజలోకి వచ్చింది. మామ అరుగు మీదే ఉన్నాడు.

"రఘూ, నిన్ను పట్టిచ్చింది నీ వదిన కాదు, ఆమె అన్న కాదు" అంది అత్తమ్మ. అంతమందికీ వినపడేటట్టే అంది. "మీ బాపు. సందు తలుపుకు తాళమేసింది సుత ఆయనే. నువ్వు సావొద్దని చేసిండు. మంచో చెడ్డో మీరు మీరు చూసుకోండ్రి. ఈ పిల్లను మాత్రం ఇగ ఒక్కమాట అనకుండ్రి."

రఘు మామ వైపు చూశాడు. మామ తల ఎత్తలేదు. రఘు దండలు ఒక్కొక్కటి తీసి అరుగు మీద పెట్టి, నన్ను దాటుకొని, అత్తమ్మను దాటుకొని పెరట్లోకి పోయాడు. తనే బావిలో చేద వేసి నీళ్లు తోడుకొని తాగాడు. చాలాసేపు తాగాడు. తండ్రీ కొడుకులు ఆ తర్వాత ఒకే ఇంట్లో తిన్నారు కానీ నేరుగా మాట్లాడుకోలేదు. "బాపును తినుమను", "వాణ్ణి పైలంగ పోయి రమ్మను" అని మా నోళ్ల మీదుగానే నడిచింది. మామ పోయినప్పుడు పాడె ముందు కొమ్ము పట్టింది రఘే.

నాతో అతను మళ్లీ మామూలుగానే ఉన్నాడు. నా పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. మా అన్న సంగతే అట్లా మిగిలిపోయింది. ఉద్యమకారుడు చెల్లెలి ఇంట్లోనే దాగి ఉంటే నీకు తెలియదా అని పైవాళ్లు ఆయనను అనుమానించి గంగారం అడవుల్లో ఠాణాకు వేశారు. అక్కడ చలిజ్వరాలతో ఏండ్లు గడిపి, పింఛను తీసుకొని మా ఊరు చేరాడు. రఘుకు విచిత్రంగా చిట్యాలలోనే బడిపంతులు కొలువు వచ్చింది. మా ఊరి ముందు నుంచే సైకిలు మీద పోయేవాడు. మా అన్న ఇంటి గడప మాత్రం ఎక్కలేదు. అడిగితే, "ఏ మొఖం పెట్టుకొని పోవాలె వదినా" అనేవాడు. తప్పు తనదని తెలిశాక పోవడం ఇంకా కష్టమైంది అతనికి.

రాష్ట్రం వచ్చిన ఏడాది జనగామలో మొదటి ఉద్యమంలో జైలుకు పోయినవాళ్లకు శాలువలు కప్పారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఒక కుర్ర వక్త రఘు గురించి చెబుతూ, "ఎవడో ద్రోహి పట్టిస్తే" అన్నాడు. రఘు లేచి మైకు అడిగి తీసుకున్నాడు. "ద్రోహి కాదు తమ్మీ. మా బాపు. ఆయన పట్టియ్యకపోతే ఈ శాలువ మీరు నా ఫోటోకు కప్పేటోళ్లు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు అందరూ అన్నీ మైకుల్లో, ఫోన్లలో చెప్పేసుకుంటున్నారు. మా కోడలు నా మీద కోపమొస్తే మొహం మీదే చెబుతుంది, సాయంత్రానికి మర్చిపోతుంది. ఆ రోజుల్లో మాకు ఆ సుఖం లేదు. ఒక ఇంట్లో నలుగురం ఉంటే నాలుగు సంగతులు నాలుగు గుండెల్లో తాళమేసి ఉండేవి. ప్రేమ తక్కువై కాదు. మాట బయటపడితే ఇల్లు కూలుతుందని భయం. ఏది మేలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ శాలువలు కప్పిన మర్నాడు రఘు తనే అన్నాడు. "చిట్యాల దిక్కు పోదామా వదినా?" బస్సెక్కి మా ఊరు పోయాం. అన్న అప్పటికి చూపు తగ్గి, మంచంలో కూర్చొని ఉన్నాడు. రఘు ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చొని, ఆనాడు దర్వాజ దగ్గర తను నోరు జారిన మాటకు క్షమించమని అడిగాడు. అన్న అతని తల తడిమి చూశాడు.

"నీ బాపు ముందుగాల నన్నే అడిగిండయ్యా" అన్నాడు. "నేను మూట పట్టుకొని అచ్చిన దినం. నువ్వే తీస్కపో లింగన్నా, నీ చేతుల పడితె దెబ్బలు పడకుంట చూస్తవ్ అని నా చెయ్యి పట్టుకున్నడు. చెల్లెనిచ్చిన ఇంట్ల నేను గా పని చెయ్య మామా అంటి. అటెంకనే ఆయన అమీన్ తానకు పోయిండు."

అన్నేళ్లు రాఖీకి, పండుగకు కలుసుకున్నాం. గంగారంలో జ్వరంతో పడుంటే గంజి కాచి పోసొచ్చాను. ఒక్కసారి కూడా చెప్పలేదు.

"నాకన్న ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాను.

"నువ్వు ఆయనకు దినాం అన్నం పెట్టాలె గదనే చెల్లె" అన్నాడు.

రఘు కండ్లు తుడుచుకొని అడిగాడు. "పోనియ్యి, మా అవ్వ చెప్పినంక నాకంత తెలిసె. అప్పుడన్న నాకు చెప్పకపోతివే?"

అన్న బోసినోటితో నవ్వాడు. "చెప్దామనే ఉంటి. నువ్వు రోజు మా ఇంటి ముంగటికెల్లే సైకిలేసుకొని పోతివి. ఒక్కనాడన్న దిగకపోతివి."